రేగులపాడు కిబ్బుజం

కమిషనర్ గారు ఇజ్రాయెల్ వెళ్లింది బిందు సేద్యం చూడటానికి. బొట్టు బొట్టుగా నీళ్లు పెట్టి ఇసుకలో టమాటాలు ఎలా పండిస్తారో చూసి, నేర్చుకుని వచ్చి, మెట్ట రైతులకు చెబుతారని ప్రభుత్వం ఆయన్ని విమానం ఎక్కించింది. ఆయన అన్నీ చూశారు. తీరా తిరిగి వచ్చేటప్పుడు ఆ గొట్టాలూ గోలా ఎవరు మోస్తారనుకున్నారో ఏమో, వాటిని అక్కడే వదిలేసి ఒక్క మాట మాత్రం వెంట తెచ్చుకున్నారు. ఆ మాట కిబ్బుట్జ్.

ఆ దేశంలో కొన్ని ఊళ్లలో జనమంతా కలిసి సాగు చేసుకుంటారు. పొలం అందరిదీ, పశువులు అందరివీ, వంటిల్లు ఒక్కటే. అలాంటి ఊరిని వాళ్ల భాషలో కిబ్బుట్జ్ అంటారు. ప్రపంచంలో చాలా భాషలవాళ్లు ఆ మాటను ఉన్నదున్నట్టుగా అరువు తెచ్చుకున్నారని కమిషనర్ గారు విమానంలోనే ఏదో పత్రికలో చదివారు. అందరి భాషల్లోకీ వెళ్లిన మాట మన భాషలోకి రాకపోవడం పరిపాలనా వైఫల్యమని ఆయనకు తోచింది. మాట రావాలంటే ముందు ఆ వస్తువు ఉండాలి కదా! కనుక ఒక ఊరిని కిబ్బుట్జ్ చేయాలని ఆయన నడిపే గ్రామ సమగ్ర వికాస శాఖ తీర్మానించింది.

ఆ ఊరు రేగులపాడు. దాన్నే ఎందుకు ఎంచుకున్నారంటే, జిల్లాలో పెద్ద రోడ్డు నుంచి ఊళ్లోదాకా గుంటలు లేని తారు రోడ్డు ఉన్నది దానికి ఒక్కదానికే. చూడటానికి వచ్చే ప్రముఖుల నడుములు పదిలంగా ఉండాలి గదా.

రేగులపాడు సర్పంచి రాఘవమ్మ. ఆడవాళ్ల కోటాలో గెలిచింది. మొదటి ఏడాది ఆమె భర్త వీరాస్వామే పంచాయతీ ఆఫీసులో సర్పంచి కుర్చీలో కూర్చునేవాడు. రెండో ఏడాది ఒకనాడు ఆయనకు జ్వరం వచ్చి, రాఘవమ్మ వెళ్లి ఆ కుర్చీలో కూర్చుంది. కుర్చీ బాగుందనిపించింది. అప్పటినుంచీ వీరాస్వామి వరండాలో బల్ల మీద కూర్చుంటున్నాడు.

పథకం ప్రకటించడానికి కమిషనర్ గారు స్వయంగా వచ్చి, సభలో గంటసేపు మాట్లాడారు. కరతాళ ధ్వనులు అయిపోయాక రాఘవమ్మ లేచింది.

"ఒకమాట అడుగుతానయ్యా. ఆ దేశంలో జనం అట్టాంటి ఊళ్లల్లో వాళ్లంతట వాళ్లే చేరారా, ఎవరన్నా చేర్పించారా?"

"స్వచ్ఛందంగా చేరారమ్మా. స్వచ్ఛందమే దాని ఆత్మ," అన్నారు కమిషనర్ గారు.

"మరి మమ్మల్ని ఎవరూ అడగలేదే?"

"మీ తరఫున ప్రభుత్వం స్వచ్ఛందంగా ముందుకొచ్చింది," అని కమిషనర్ గారు నవ్వారు. మళ్లీ కరతాళ ధ్వనులు మోగాయి. ఈసారి మోగించింది వెంట వచ్చిన సిబ్బంది.

మర్నాడే ప్రత్యేకాధికారి చక్రపాణి జీపులో ఒక పరుపు, ఒక ఫ్యానుతో దిగాడు. నలభై అయిదేళ్ల మనిషి. మాట్లాడితే సర్క్యులర్ చదివినట్టే ఉంటుంది. దాహమేస్తే కూడా "తాగునీటి ఆవశ్యకత ఏర్పడినది" అంటాడని డ్రైవరు ఊళ్లో చెప్పాడు.

మొదటి చిక్కు ఆ మాట పలకడంతోనే వచ్చింది. నాగరత్నమ్మ అనే ముసలావిడ, "కిబ్బూజా? బూజులు దులిపే పథకమా నాయనా? మంచిదే, మా దూలాల నిండా బూజే," అంది. చక్రపాణి ఊరిని కూర్చోబెట్టి, నాలుక కొసను పైపళ్ల వెనక ఆనించి "ట్జ్" అని ఎలా వదలాలో నేర్పాడు.

"పైపళ్లు లేనోళ్లం ఏం చెయ్యాలి?" అంది నాగరత్నమ్మ.

చక్రపాణి పైకి రాసి, దంతరహిత సభ్యులకు తాత్కాలిక మినహాయింపు తెప్పించాడు. అది వచ్చేలోపే పళ్లున్నవాళ్లూ లేనివాళ్లూ కలిసి ఆ మాటను కిబ్బుజం చేసేశారు. భోజనం, బెల్లం, కిబ్బుజం. తెలుగు నోట్లో పడ్డాక అంతే మరి.

ఊరి చివర ఖాళీగా పడి ఉన్న విత్తనాల గోడౌనులో ఉమ్మడి వంటశాల మొదలైంది. ఆడవాళ్లు జట్లు జట్లుగా వంతులేసుకుని వండాలి, ఊరంతా అక్కడే తినాలి. దీనికి అందరికంటే గట్టిగా అడ్డం తిరిగింది రాఘవమ్మే. "నా పొయ్యి ఆర్పటానికి ఈయనెవరు?" అని కేకలేసింది. కాని వంతు లేని మొదటి రోజు మధ్యాహ్నం ఆమె మంచం మీద నడుం వాల్చింది. పొయ్యి లేదు, అంట్లు లేవు, సాయంత్రానికి ఏం కూర అన్న ఆలోచన లేదు. పెళ్లయిన నాటినుంచీ అలాంటి మధ్యాహ్నం ఆమె ఎరగదు. ఏదో మరిచిపోయినట్టు రెండుసార్లు లేచి ఇల్లంతా చూసి వచ్చింది. మూడోసారి లేవలేదు. నిద్ర పట్టేసింది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. అవతలి ఇళ్లలోనూ అదే జరిగింది, వాళ్లూ చెప్పలేదు.

వంటశాల నడుస్తూ ఉండగా సర్వనామాల సర్క్యులర్ వచ్చింది. చక్రపాణి దాన్ని మైకులో చదివాడు:

"‘మా’ అను సర్వనామము వినువానిని వెలివేయుచున్నది. ‘మన’ అను సర్వనామము వినువానిని అక్కున జేర్చుకొనుచున్నది. కావున నేటి నుండి గ్రామ పరిధిలో ‘నా’, ‘మా’ అను పదములు నిషేధింపబడినవి. పొలిమేర లోపల శయనించి భుజించువారెల్లరు సభ్యులే. సభ్యులెల్లరు ‘మన’ అనియే వ్యవహరింపవలెను. మినహాయింపులు లేవు."

మినహాయింపులు లేవన్న ముక్క దగ్గరే వచ్చింది తంటా. ఆ సాయంత్రం వీరాస్వామి టీ కొట్టు దగ్గర కూలబడి, "మన ఆవిడ పొద్దుట్నుంచీ మాట్లాడటంలా మస్తానూ," అన్నాడు.

టీ కలుపుతున్న మస్తాన్ చెయ్యి ఆగిపోయింది. "ఎవరావిడ?"

"ఎవరేంది? మన ఆవిడే. రాఘవమ్మ."

"నాకెందుకులే బావా ఆ గొడవ! నాకు ఇంట్లో ఒకావిడ ఉంది, ఆమెతోనే ఏగలేక చస్తన్నా."

"నాకు అనగూడదు. మనకు అనాలి. రూలు," అన్నాడు వీరాస్వామి దిగాలుగా.

ఈ సంభాషణ టీ చల్లారేలోపు రాఘవమ్మకు చేరింది. వీరాస్వామి ఇంటికి వచ్చేసరికి ఆమె గడపలో నిలబడి ఉంది. "ఏమయ్యా, నన్ను ఊరికంతా రాసిచ్చావంట?" అని అడిగింది. ఆయన సర్క్యులర్ మీద నెపం పెట్టాడు. ఆ రాత్రి ఆయన వరండాలో పడుకున్నాడు.

మర్నాడు రాఘవమ్మ చక్రపాణిని దారిలో ఆపి చాలా వినయంగా అడిగింది. "మన మేడం గారు బాగుండారా సార్? మన పిల్లలు బాగా చదువుకుంటన్నారా?"

చక్రపాణి మొహం పాలిపోయింది. ఆయన కుటుంబం పట్నంలో ఉంది. ఆ ఆదివారం ఇంటికి వెళ్లి, భార్యకు ఈ ఊరి పేరు కూడా చెప్పకుండా తిరిగి వచ్చాడు.

తర్వాత వంతు బర్రెలది. ఊళ్లో బర్రెలన్నిటినీ ఒకే కొట్టంలో కట్టేశారు. పాలు పితకడంలో వివక్ష తగదని, ఎవరికి ఏ బర్రె అన్నది చీట్లు వేసి తేల్చారు. రాఘవమ్మ బర్రె దర్జీ కొండయ్యకు వచ్చింది. కొండయ్య జీవితంలో సూదీ దారం తప్ప ఇంకోటి పట్టలేదు. బర్రె మొదట ఆయన్ని వెనక్కి తిరిగి చూసింది, తర్వాత తన్నింది. ఆయన గడ్డివాములో తేలాడు. కొత్త చేతులకు బర్రెలన్నీ పాలు ఎగబట్టాయి. వంటశాలలో మజ్జిగ పోయి నీళ్లు వచ్చాయి, టీ నల్లబడింది. "పాల దిగుబడి స్థిరీకరణ దశలో ఉన్నది," అని చక్రపాణి పైకి తెలిపాడు. నిజమే, సున్నా దగ్గర స్థిరంగానే ఉంది.

ఇంతలో మిరపకాయల కాలం వచ్చింది. కాయ కోసి కళ్లాల్లో ఆరబోశారు. ఎండు కాయ బస్తాలకెత్తారు. మార్కెట్ యార్డుకు తోలాల్సిన లారీ దారిలో చెడిపోయింది. అదే సమయానికి తూర్పున మబ్బు కమ్ముకొచ్చింది. కాయ తడిస్తే రంగు పోతుంది, బూజు పడుతుంది. ఏడాది కష్టం పోతుంది. ఊళ్లో మగవాళ్లంతా మబ్బు వైపూ రోడ్డు వైపూ మార్చి మార్చి చూస్తున్నారు. రాఘవమ్మ మాత్రం చక్రపాణి గది వైపు చూసింది. గది ముందు జీపు ఉంది.

"సార్, మీరు ఈ ఊళ్లోనే పడుకుంటన్నారు గదా?"

"అవును. విధి నిర్వహణలో భాగంగా."

"ఈ ఊళ్లోనే తింటన్నారు గదా?"

"అవును."

"పొలిమేర లోపల పడుకుని తినేవాళ్లందరూ సభ్యులేనని మొన్న మైకులో మీరే చదివారు. అంటే మీరూ సభ్యులే. ఆ జీపు మనదే."

చక్రపాణి నోరు తెరిచాడు. తాను చదివిన సర్క్యులర్‌లో తప్పుందని ఒప్పుకునే అలవాటు ఆయనకు లేదు. ఇరవై ఏళ్ల సర్వీసులో ఒక్కసారి కూడా ఒప్పుకోలేదు. "సూత్రరీత్యా..." అన్నాడు. ఆ మాట పూర్తయ్యేలోగా జీపులో నాలుగు బస్తాలు పడ్డాయి. జీపు వెనక ట్రాలీ కట్టారు. తిరిగి తిరిగి, ఆఖరి బస్తా యార్డు రేకుల కిందికి చేరిన తర్వాతే వాన కురిసింది. ఆ రాత్రి వంటశాలలో అందరూ చక్రపాణి ఆకులో పాలున్న రోజుల్లో కాచి దాచుకున్న నెయ్యి తమ చేత్తో తలా ఒక ముద్ద వేశారు. ఆయన వద్దనలేదు.

మర్నాడు కమిషనర్ గారు తనిఖీకి వచ్చారు. జీపు రైలు స్టేషనుకు వెళ్లి ఆయన్ని ఎక్కించుకుంది. దాన్ని దులపడానికి ఎవరికీ తీరలేదు. సీట్ల సందుల్లో, పరదాల మడతల్లో ఎండుమిరప ఘాటు ఇంకా పచ్చిగానే ఉంది. కమిషనర్ గారు పొలిమేర చేరేసరికి కళ్లు ఎర్రబడి, ముక్కు కారుతూ, చెంపల మీద కన్నీళ్లు ధారలు కట్టి ఉన్నాయి. వచ్చిన విలేకర్లు ఫొటోలు తీశారు. మర్నాడు పేపర్లో "సమష్టి జీవనం చూసి కంటతడి పెట్టిన కమిషనర్" అని పడింది.

ఆయన తుమ్ముతూనే ఊరంతా తిరిగారు. "ఈ పొలం ఎవరిది?" అని అడిగితే "మనది సార్" అన్నారు. "ఈ బర్రె?" అంటే "మనది సార్" అన్నారు. ఆయన పరమానందభరితులయ్యారు. అప్పుడు నాగరత్నమ్మ ముందుకొచ్చి, చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని ఆయన్ని ఎగాదిగా చూసింది.

"నీ ఇల్లు యాడ నాయనా?"

"రాజధానిలో అవ్వా."

"ఎవరిది?"

విలేకర్లు కెమెరాలు పైకెత్తారు. కమిషనర్ గారు ఆ కెమెరాల వైపు తిరిగి, ఉదారంగా చేతులు చాపి, "ఇంకెవరిదవ్వా? మనదే!" అన్నారు.

"మంచిమాట చెప్పావు. కళ్లల్లో శుక్లాలు వచ్చినయ్. ఆపరేషనుకి మీ ఊరి పెద్దాసుపత్రికి రమ్మన్నారు. అక్కడ ఎవరూ లేరని ఆగాను."

కమిషనర్ గారు నవ్వి, ఆమె భుజం తట్టి, జీపెక్కారు. ఆయనకు ఆ సంగతి పొలిమేర దాటకముందే మరుపుకొచ్చింది. నాగరత్నమ్మకు మరుపు రాలేదు.

వారం తిరక్కుండా రాఘవమ్మ ఆమెను వెంటబెట్టుకుని రాజధానిలో దిగింది. శుక్లాలవాళ్లు ఇంకో నలుగురు తోడయ్యారు. మోకాళ్ల నొప్పులవాళ్లు ఇద్దరు, ఊరికే రాజధాని చూద్దామని ఒకడు. పరుపు చుట్టలు, గోంగూర పచ్చడి జాడీ, నాగరత్నమ్మ ఊతకర్ర. కమిషనర్ గారి బంగళా గేటు దగ్గర కాపలావాడు ఆపాడు.

"ఎవరింటికి?"

"మనింటికి," అంది నాగరత్నమ్మ.

వాడికి అర్థం కాలేదు. అయ్యగారి వైపు బంధువులేమో, కాదంటే ఉద్యోగం పోతుందేమో అనుకుని గేటు తీశాడు. లోపల తలుపు తీసింది కమిషనర్ గారి భార్య. రాఘవమ్మ దణ్ణం పెట్టి, ఎందుకొచ్చారో అంతా చెప్పింది.

"మా ఆయన ఇంట్లో లేరు. మీటింగులో ఉన్నారు," అంది ఆవిడ బిత్తరపోయి.

"మా ఆయన అనగూడదు తల్లీ," రాఘవమ్మ జాలిగా అంది. "మన ఆయన అనాలి. రూలు ఆయనే పెట్టాడు."

ఆవిడ రాఘవమ్మను చూసింది. వెనక నిలబడ్డ ఆడవాళ్లందరినీ చూసింది. లోపలికి వెళ్లి ఫోను తీసింది. ఆ ఫోనులో ఆవిడ భర్తతో ఏమన్నదో ఎవరికీ తెలియదు గానీ, అవతల మీటింగులో ఉన్న కమిషనర్ గారు ఉన్నపళంగా లేచి నిలబడ్డారని మాత్రం తర్వాత తెలిసింది. నాగరత్నమ్మను సాయంత్రానికల్లా ఆసుపత్రిలో మంచి గదిలో చేర్పించారు. మిగతా వాళ్లకూ పరీక్షలు, మందులు అన్నీ ఆయనే దగ్గరుండి చేయించి, బస్సెక్కించి, బస్సు కదిలేదాకా నిలబడ్డారు.

ఆ బస్సు రేగులపాడు చేరేలోపే ఉత్తర్వు చేరింది. "పథకము తన లక్ష్యములను గడువునకు ముందే సంపూర్ణముగ సాధించినందున తక్షణము ముగింపబడినది. సభ్యులు తమ తమ పూర్వ సర్వనామములకు మరలవచ్చును."

ఊరంతా ఊపిరి పీల్చుకుంది. ఎవరి బర్రెను వాళ్లు తోలుకుపోయారు. రాఘవమ్మ బర్రె సొంత కొట్టంలోకి వెళ్లగానే బిందెడు పాలిచ్చింది. కొండయ్య మిషను ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తూ కళ్లు తుడుచుకున్నాడు. వీరాస్వామి టీ కొట్టు దగ్గర గొంతెత్తి "మా ఆవిడ!" అని మూడుసార్లు అన్నాడు.

కాని మధ్యాహ్నం అయ్యేసరికి ఏ ఇంట్లోనూ పొగ లేవలేదు. మగవాళ్లు ఇళ్లకెళ్లి చూస్తే పొయ్యి చల్లగా ఉంది, ఆడవాళ్లు లేరు. వెతుక్కుంటూ వెళ్తే అంతా గోడౌనులోనే ఉన్నారు. పప్పు ఉడుకుతోంది.

"పథకం పోయింది గదే?" అన్నాడు వీరాస్వామి.

"పథకం పోతే పోనియ్. పప్పు ఏం తప్పు చేసింది?" అంది రాఘవమ్మ. తర్వాత మెల్లిగా చెప్పింది. "నేను మధ్యాన్నం పడుకుంటన్నానయ్యా. పెళ్లయినాక మొదటిసారి. ఇంక లెయ్యను."

వీరాస్వామి వెళ్లి వరసలో కూర్చున్నాడు.

ఈ వార్త శాఖకు తెలిసింది. రద్దయిన పథకం నడుస్తూ ఉండటం చాలా పెద్ద నేరం. నడుస్తున్న పథకం నడవకపోవడం అంత నేరం కాదు, అది మామూలే. ప్రభుత్వ ప్రమేయం లేకుండా జనం కలిసి తింటున్నారంటే రేపు ఇంకేం చేస్తారో! అనధికార సమష్టి జీవనాన్ని తక్షణం అరికట్టాలని చక్రపాణికి ఆజ్ఞ వచ్చింది.

ఆయన భోజనాల వేళకు వచ్చి గోడౌను గుమ్మంలో నిలబడ్డాడు. "రాఘవమ్మ గారూ, ఈ విధంగా కలిసి భుజించుటకు మీకు అనుమతి లేదు."

"మేం కలిసి తినటంలా సార్. ఎవరి ముద్ద వాళ్లే తింటన్నాం. చోటొకటే."

"ఇది ప్రభుత్వ స్థలము."

మర్నాడు గోడౌనుకు తాళం పడింది. వాళ్లు గోడౌను ముందు తడికెలు కట్టి పందిరి వేసుకున్నారు. చక్రపాణి మళ్లీ వచ్చాడు. ఈసారి గొంతు తగ్గించాడు. "అమ్మా, నా ఉద్యోగం సంగతి కూడా కాస్త ఆలోచించండి. పైనుంచి ఒత్తిడి ఉంది. సామూహిక భోజనాలు నిషేధం."

"ఏ భోజనాలైనా నిషేధమేనా? పెళ్లి భోజనాలు కూడానా?"

"శుభకార్యాలకు మినహాయింపు ఉంది," అన్నాడు చక్రపాణి. అని, ఏం అన్నాడో ఆయనకే అర్థమై, ఆగిపోయాడు. రాఘవమ్మ ఆయన వంక చూసి నవ్వింది. ఆయన నవ్వలేదు గానీ, తల పక్కకు తిప్పుకున్నాడు.

ఆనాటినుంచీ రేగులపాడులో శుభకార్యం లేని రోజు లేదు. ఒకరోజు మస్తాన్ మనవడికి అన్నప్రాశన. ఒకరోజు కొండయ్య కొత్త మిషనుకు గృహప్రవేశం. నాగరత్నమ్మకు రెండో కన్ను కట్టు విప్పిన రోజు ఊరంతా పాయసం. వీరాస్వామికి షష్టిపూర్తి చేశారు, ఆయన అయిదేళ్ల కిందటే అరవై దాటాడని గుర్తుచేస్తే, అప్పుడు చెయ్యలేదు కాబట్టి బాకీ అన్నారు. ఎవరిదో బర్రె ఈనితే దూడకు బారసాల చేసి, ఆడవాళ్లు జోల కూడా పాడారు. ప్రతిరోజూ చక్రపాణి వచ్చి "నేడు ఏ సందర్భము?" అని అడిగేవాడు. వాళ్లు చెప్పేవాళ్లు. ఆయన "శుభం" అని రాసుకుని వెళ్లేవాడు. మొదట్లో పందిరి బయటినుంచే వెళ్లేవాడు. తర్వాత తర్వాత పిలిచినవాళ్లను కాదనడం మర్యాద కాదని కూర్చునేవాడు.

పైవాళ్లకు ఈ ఊళ్లో ఇంత శుభం ఎలా పొంగుతోందో అంతుపట్టలేదు. అంతుపట్టనప్పుడు వాళ్లు చేసే పని ఒకటే, అదే చేశారు. చక్రపాణిని బదిలీ చేశారు.

ఆ రోజు ఆయన వచ్చేసరికి పందిరికి మామిడాకులు కట్టి ఉన్నాయి. వరసగా విస్తళ్లు వేసి ఉన్నాయి. ఊరంతా కొత్త బట్టల్లో ఉంది.

"నేడు ఏ సందర్భము?" అన్నాడు అలవాటుగా.

"మీదే సార్," అంది రాఘవమ్మ. "వెళ్లిపోతన్నారంటగా."

ఆయన్ని నడిమి విస్తరి ముందు కూర్చోబెట్టారు. తినబోయే ముందు నాలుగు మాటలు చెప్పమన్నారు. చక్రపాణి లేచి, గొంతు సవరించుకుని, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "ఈ శుభ తరుణమున... గ్రామ ప్రజల సహాయ సహకారములను పురస్కరించుకొని..." అని మొదలుపెట్టాడు. అక్కడ ఆగాడు. తర్వాతి మాట కోసం వెతుక్కున్నాడు. అందరూ ఎదురు చూస్తున్నారు. నాగరత్నమ్మ కొత్త కళ్లద్దాల్లోంచి రెప్ప వేయకుండా చూస్తోంది. ఆయన చేతులు ముందుకు వచ్చేశాయి. ఉన్నచోటే చతికిలబడ్డాడు.

"కాస్త గోంగూర వెయ్యమ్మా," అన్నాడు. "ఇంకొంచెం. ఇంకొంచెం వెయ్యి."